ఏకగ్రీవం భోజనాలు

హలో! ఆఁ, వినపడుతోందా? అందరూ బాగున్నారా? అన్నాలు తిన్నారా? తినకపోతే కంచం పక్కన ఫోను పెట్టుకుని వినండి, నాకేం అభ్యంతరం లేదు. మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు, "కొన్ని దేశాలు ఎందుకు కలిగినవయ్యాయి బాబాయ్, కొన్ని ఎందుకు లేమిలోనే ఉండిపోయాయి?" అని. దేశాల సంగతి చెప్పేంత చదువు నాకు లేదు నాయనా. నాకు తెలిసిందల్లా ఒక కాలవ, దానికి అటొక ఊరు, ఇటొక ఊరు. అది చెబుతాను, దేశాల లెక్క మీరే చూసుకోండి.

గురజాల నుంచి నడికుడి వైపు వెళుతుంటే సాగర్ కుడి కాలవ తాలూకు పిల్లకాలవ ఒకటి రోడ్డును దాటుతుంది. ఎడమ గట్టున కొండ్రుపాలెం, కుడి గట్టున జువ్వలపాడు. రెండు ఊళ్ళదీ ఒకే నల్లరేగడి. అవే నీళ్ళు, అదే మిరప, అదే పత్తి. పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా వాళ్ళలో వాళ్ళకే. అయినా జువ్వలపాడులో మిరపకాయలు ఆరబోసుకోవడానికి సిమెంటు కల్లాలున్నాయి. సీజన్లో నలుగురైదుగురు వ్యాపారుల లారీలు వచ్చి నిలబడతాయి, నీకంటే నేనెక్కువ ఇస్తానని పోటీ పడతాయి. కొండ్రుపాలెంలో కాయలు మట్టి మీద ఆరబోస్తారు. వచ్చేది ఒక్కటే లారీ. అది ఊరి పెద్ద సుధీర్ బాబు బావమరిదిది.

మరి మంచి ఊరన్న పేరు దేనికి? కొండ్రుపాలేనికే. జువ్వలపాడుది గొడవల ఊరన్న పేరు. అక్కడ నీటి సంఘానికి ఎన్నిక వస్తే మూడు పార్టీలు దిగుతాయి. గెలిచినవాడు కాలవ పనిలో ఒక సిమెంటు బస్తా ఇంటికి మోసుకుపోతే, ఓడినవాడు ఆ బస్తా ఫొటో తీసి ఆఫీసుకు పంపుతాడు. వచ్చేసారి గెలిచినవాడు ఓడతాడు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, కాలవ మాత్రం బాగు చేసుకుంటారు.

కొండ్రుపాలెంలో ఆ రచ్చ లేదు. ఇక్కడ అంతా ఏకగ్రీవం. ఎన్నిక ముందురోజు సుధీర్ బాబు లోగిట్లో వేటలు తెగుతాయి. ఊళ్ళో మగవాళ్ళంతా బంతిలో కూర్చుని తింటారు. చేతులు కడుక్కుంటూ, "పోటీ ఏముంది బాబు గారూ, మీరే" అని చెప్పి వస్తారు. ఒకసారి ఆ ఇంట్లో తిన్నాక మాట తప్పడమంటే ఆ ఊళ్ళో తల ఎత్తుకోలేని పని. సుధీర్ బాబు తండ్రి కాలం నుంచీ ఇదే ఆచారం. వాటికి ఏకగ్రీవం భోజనాలని పేరు. అలా అధ్యక్షుడైనవాడి చేతికి తూముల షట్టర్లు తిప్పే ఇనుప హ్యాండిల్ వస్తుంది. అది ఎవరి చేతిలో ఉంటే ఊళ్ళో అందరి పంటా వాడి చేతిలో ఉన్నట్టే.

ఆదిలక్ష్మమ్మకు ఈ సంగతి ఎప్పుడూ తెలిసిందే. కడుపులోకి దిగింది మాత్రం కిందటేడు.

అంతకు ముందు సీజన్లో ఆమె భర్త వెంకట్రామయ్య ఒక తప్పు చేశాడు. జువ్వలపాడు వచ్చిన లారీని కాలవ దాటించి, తన కాయలు దానికి అమ్మాడు. సుధీర్ బాబు ఏమీ అనలేదు. ఎదురుపడితే నవ్వాడు కూడా. మరుసటేడు వెంకట్రామయ్య మూడెకరాల మిరప పూత మీదికొచ్చాక, ఆ చేనికి నీళ్ళిచ్చే తూము షట్టరు కిందికి దిగిపోయింది.

మగాడు వెళ్ళి అడిగితే పౌరుషాలకు పోతారేమోనని ఆదిలక్ష్మమ్మే వెళ్ళింది. సుధీర్ బాబు వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"బాబూ, పూత రాలిపోతంది. ఒక్క తడి ఇప్పించండి."

"పైనుంచి నీళ్ళు రావట్లా పెద్దమ్మా. నేనేం జేసేది?"

"మీ పొలంలో పారతన్నాయి గద బాబూ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అడిగే పద్ధతి ఒకటుంటది. కొంగు పట్టి అడుగు, చూద్దాం."

పక్కన పాలేళ్ళు, పని మీద వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆదిలక్ష్మమ్మ కొంగు పట్టింది. యాభై ఏళ్ళ మనిషి, ముగ్గురు మనవలున్న మనిషి, రెండు చేతులా కొంగు పట్టి నిలబడింది. ఆయన కాసేపు చూసి, "సర్లే, చూద్దాం" అని ఫోను తీసుకున్నాడు.

నీళ్ళు రాలేదు. మిరప నిలువునా ఎండిపోయింది. వెంకట్రామయ్య నాగలి చూరుకింద పెట్టి పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో కూలికి పోయాడు. ఎప్పుడన్నా ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా సున్నమే. తిని పడుకుని తెల్లారే బట్టీకి పోయేవాడు. ఆమె మాత్రం పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా ఒకటే అనుకునేది: ఆడి చేను కూడా నా చేతి కింద ఎండాలి. ఆడొచ్చి నన్ను అడగాల. నేను చూద్దాంలే అనాల.

తిన్న అన్నం ఒంటికి పట్టినా పట్టకపోయినా, ఆ కోరిక మాత్రం ఆమెకు బాగా పట్టింది.

ఈలోగా నీటి సంఘం ఎన్నికలు వచ్చాయి. బ్యాలెట్లు లేవు, అందరిలో చేతులెత్తడమే. సుధీర్ బాబుకు మరీ మంచిదైంది. చెయ్యి ఎవడెత్తాడో, ఎవడెత్తలేదో కంటికి కనబడుతుంది కదా. యథాప్రకారం వేటలు తెగాయి. యథాప్రకారం మగవాళ్ళు తిన్నారు.

ఇక్కడ ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పాతికేళ్ళ కిందట ముఠా తగాదాలు జోరుగా ఉన్నప్పుడు సుధీర్ బాబు తండ్రి తన వెంట కర్రలు పట్టి తిరిగేవాళ్ళకు ఒక సలహా ఇచ్చాడు. "భూములు ఆడాళ్ళ పేరున రాయండ్రా. రేపు కేసులైనా, జప్తులైనా పొలం జోలికి ఎవడూ రాడు." తనదీ భార్య పేరున రాశాడు, ఆమె తర్వాత అది కోడలి పేరుకు మారింది. ఊరంతా అదే దారి పట్టింది. తగాదాలు చల్లారినా కాగితాలు ఎవరూ తిరగ రాయించుకోలేదు. సంఘంలో చెయ్యెత్తే హక్కు భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళది. ఎప్పుడూ పోటీయే లేదు కాబట్టి ఆ హక్కు ఎవరిదో పట్టించుకున్న నాథుడు లేడు.

భోజనాలు జరిగిన పూటే, పత్తి తీస్తున్న ఆడవాళ్ళ వరసలో ఆదిలక్ష్మమ్మ ఈ మాట ఎత్తింది.

"భూమి మన పేరునుంది. చెయ్యెత్తేది మనమేనంట."

"ఎత్తితే మా ఆయన ఆ చెయ్యి ఇరగ్గొడతాడు వదినా" అంది పక్క సాలులో ఒకామె.

"ఆళ్ళు ఆ ఇంట్లో తిన్నారు, మాట తప్పగూడదు. ఒప్పుకుంటా. నువ్వేం తిన్నావే?"

"నాకెవురు పెట్టారు?"

"గిన్నెలో కూరన్నా పంపిచ్చాడా?"

"ఎముక్కూడా పంపలా."

"మరి నీకేం బాకీ ఆడికి?"

సాలంతా గొల్లున నవ్వారు. హజ్రా బీ మాత్రం నవ్వలేదు. ఆమెకు ఊరి చివర అర ఎకరం ఉంది. భర్త మౌలాలీ మోటార్ల మెకానిక్కు. మొదట కొండ్రుపాలెంలోనే వెల్డింగు షాపు పెట్టాడు. సుధీర్ బాబు ఇంటి ట్రాక్టర్లకు ఊరకే పనిచేయనన్నాడని నాలుగు సార్లు కరెంటు తీగ తెగింది. దాంతో సామాను కాలవ దాటించి జువ్వలపాడులో పెట్టాడు. అదే రెంచి, అదే చెయ్యి. ఇప్పుడక్కడ పెద్ద రేకుల షెడ్డు, దాని మీద తన పేరు.

"పోటీకి నీ పేరు నేను చెప్తా ఆపా" అంది హజ్రా బీ. "నాకు పోయేదేముంది? పోవాల్సింది ఎప్పుడో కాలవ దాటి పోయింది."

ఎన్నిక బడి ఆవరణలో జరిగింది. జరిపించడానికి వచ్చిన కాలవల శాఖ ఏఈ దీపిక అనే కొత్త అమ్మాయి. ముందు వరస కుర్చీలో సుధీర్ బాబు, చుట్టూ మగవాళ్ళు. ఆడవాళ్ళు గోడ వారన.

"పోటీలో ఎవరెవరున్నారు?" అని అడిగింది దీపిక.

"ఏకగ్రీవం మేడం! రాసుకోండి!" అన్నారు మగవాళ్ళు.

"ఆగండి మేడం." వెనక నుంచి హజ్రా బీ గొంతు. "ఆదిలక్ష్మమ్మ పేరు నేను చెప్తన్నా."

సుధీర్ బాబు తల తిప్పి చూశాడు. "ఏందే, అరెకరం దానివి నువ్వూ పేర్లు చెప్పేదానివా?"

"అరెకరానికైనా చెయ్యి ఒకటే గదా బాబూ."

సరే, ముందు సుధీర్ బాబు వైపు చేతులెత్తమంది దీపిక. మగవాళ్ళ చేతులన్నీ లేచాయి. ఆయన కూడా నవ్వుతూ తన చెయ్యి ఎత్తుకున్నాడు. దీపిక భూముల జాబితా చేత్తో పట్టుకుని పేర్లు అడగడం మొదలుపెట్టింది. నీ పేరున భూమి ఉందా? లేదు, మా ఆవిడ పేరున. నీకు? మా అమ్మ పేరున. ఒక్కొక్క చెయ్యీ కిందికి దిగుతూ వచ్చింది.

"సార్, మీ చెయ్యి కూడా దించండి" అంది. "మీ పేరున ఒక్క సెంటు కూడా లేదు. మేడం గారు వచ్చారా?"

మేడం గారు గుంటూరు ఇంట్లో ఉన్నారు. పెళ్ళైన నాటి నుంచి ఆమె ఆ ఊరి బజారులో నడిచింది లేదు.

ఆదిలక్ష్మమ్మ పేరు చెప్పినప్పుడు ఆడవాళ్ళు గోడకు ఇంకాస్త అతుక్కున్నారు. మొగుళ్ళు కళ్ళెర్రజేసి చూస్తున్నారు. మొదట హజ్రా బీ ఎత్తింది. తర్వాత, చెయ్యి ఇరగ్గొడతాడని భయపడ్డ ఆ ఇల్లాలు, మొగుడి వంక చూస్తూనే ఎత్తింది. "ఒసేయ్, దించు!" అని ఆయన అరిచాడు. "నేను తినలేదయ్యా!" అని ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. ఆ కేకకు గోడ వారనంతా చేతులే.

ఆ సాయంత్రం కొన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదు. ఒకరిద్దరి మీద దెబ్బలు కూడా పడ్డాయి. కానీ లెక్క లెక్కే. ఇనుప హ్యాండిల్ ఆదిలక్ష్మమ్మ ఇంటికి వచ్చింది.

మర్నాడు ఆమె చేసిన మొదటి పని, సుధీర్ బాబు అరవై ఎకరాల మిరపకు నీళ్ళు పారే తూము దగ్గరికి వెళ్ళి షట్టరు దించేయడం. బలమంతా పెట్టి తిప్పింది. చివర చుట్టు బిగుసుకుంటుంటే ఆ ఇనుము చేసిన చప్పుడు ఆమెకు పాయసం తిన్నంత తీపిగా ఉంది.

తర్వాత ఆమె రోజూ ఆయన చేని గట్టు మీదుగా నడిచేది. పనేం లేదు. ఆకు ముడుచుకోవడం చూడటానికే. మొదట సాయంత్రాలు మాత్రమే వాడిన ఆకులు తర్వాత పొద్దున పూట కూడా లేవలేదు. పిందెలు రాలడం మొదలైంది. రాలిన పిందె ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపింది. తన చేలో పోయినేడు ఏరిన పిందెలు గుర్తొచ్చి, ఇంకొకటి తీసి నలిపింది.

సుధీర్ బాబు మొదట పాలేరును పంపాడు. "పైనుంచి నీళ్ళు రావట్లేదని చెప్పు మీ బాబుకి" అందామె. తర్వాత ఫోను చేశాడు.

"పెద్దమ్మా, ఇది న్యాయంగా లేదు."

"న్యాయమా? ఆ మాట ఈ ఊళ్ళో ఎప్పుడొచ్చింది బాబూ? నాకు చెప్పలేదే!"

"కోర్టుకు పోతా."

"పో. కోర్టు వాయిదా యిచ్చేలోగా నీ చేను పొయ్యిలోకి పనికొస్తది."

ఫోను పెట్టేసి ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తింది. ఇంకొక్క వారం. కాపంతా పోతుంది. వాడు కాళ్ళ దగ్గరికి రావాలి. రాకపోతే ఎండాలి. ఏదైనా ఆమెకు ఇష్టమే.

ఆ వారంలోనే మౌలాలీ కాలవ దాటి వచ్చాడు.

"రా తమ్ముడూ! షెడ్డు ఈ పక్కకి మార్చేస్తానన్నావంటగా. ఎప్పుడు?"

మౌలాలీ నులక మంచం మీద కూర్చోలేదు. "మారుద్దామనే అనుకున్నా అక్కా. జాగా కూడా చూశా. ఇప్పుడు ఆగా."

"ఏందిరా ఆగేది? ఇప్పుడు నీ తీగ ఎవడు తెంపుతాడు, నేనుండగా?"

"నువ్వుండగా ఎవడూ తెంపడు. నీకే నా మీద కోపమొస్తే?"

ఆదిలక్ష్మమ్మ మొహం ఎర్రబడింది. "అంటే? నేనూ ఆడూ ఒకటేనా?"

"నువ్వు మంచిదానివి. ఆడు ఎదవ. నేను కాదనలా" అన్నాడు మౌలాలీ. "కానీ అక్కా, ఆ పక్కన మా సంఘం పెద్ద ఉన్నాడే, ఆడూ ఎదవే. మూడేళ్ళ నించి నాకూ ఆడికీ మాటల్లేవు. అయినా నా షెడ్డు జోలికి రాలేడు. చెయ్యెయ్యబోతే పది మంది మీద పడతారు. అందుకని అక్కడ నాకు నిద్ర పడతది. ఇక్కడ నువ్వు మంచిగున్నన్నాళ్ళే నా షాపు. అంత దానికి వెల్డింగు మిషను ఎట్టా దింపను చెప్పు?"

"పోరా, నీ షెడ్డూ వద్దు, నీ మాటలూ వద్దు!"

అతను వెళ్ళిపోయాడు. ఆమె కోపం తగ్గలేదు సరికదా, ఇప్పుడది ఇద్దరి మీద అయింది. తన చేత కొంగు పట్టించినవాడి చేను ఎండబెడుతుంటే ఊరికి నొప్పేమిటి?

నొప్పి ఉంది. ఆ అరవై ఎకరాల్లో సగం కౌలుకు చేసేది ఊరివాళ్ళే. కోతలకు వెళ్ళాల్సింది ఆడవాళ్ళే. రెండు రోజుల తర్వాత హజ్రా బీ, బడిలో చెయ్యెత్తిన ఆడవాళ్ళూ, కౌలుదార్ల పెళ్ళాలూ కలిసి ఆమెను తూము దగ్గరికి రమ్మన్నారు. దీపికను కూడా పిలిపించారు.

"ఆపా, నిన్ను నిలబెట్టింది నేను. అందుకే నేనే అడుగుతన్నా" అంది హజ్రా బీ. "వారబందీ పెడదాం. ఏ తూముకి ఏ రోజు నీళ్ళో ఈ తూము గోడ మీద రంగుతో రాద్దాం. రాసిన వంతు ఎవురూ ఆపగూడదు. సుధీర్ బాబు ఆపగూడదు. నువ్వూ ఆపగూడదు."

"ఆడు నా చేను ఎండబెట్టినప్పుడు ఏ గోడ మీద ఏం రాశారే మీరంతా?" ఆదిలక్ష్మమ్మ అరిచింది. "నేను కొంగు పట్టా! మీ మొగుళ్ళు అక్కడే ఉన్నారు, నేల చూపులు చూశారు! ఇయ్యాల ఆడి ఆకు ముడుచుకుంటే మీకు జాలి పుట్టుకొచ్చిందా?"

"జాలి కాదు" అంది చెయ్యి ఇరగ్గొడతాడన్న ఇల్లాలు. ఆమె చెంప మీద ఎన్నిక నాటి దెబ్బ వాపు ఇంకా పూర్తిగా పోలేదు. "ఆడు నాశనం గాను! కానీ రేపు నీతో నాకు తగువైతే నేనెవరి ముందు కొంగు పట్టాల వదినా?"

ఆ మాట నిజమని ఆదిలక్ష్మమ్మకు తెలుసు. తెలియడం కూడా ఆమెకు కోపంగానే ఉంది.

దీపిక చేతులెత్తమంది. ఆదిలక్ష్మమ్మ తప్ప అందరూ ఎత్తారు.

ఆమె ఆ చేతుల వంక చూసింది. తనను గెలిపించిన చేతులే అవి. తర్వాత అంది, "సరే. నాదీ ఒక మాట. వంతు కావాల్సినోళ్ళు, భూమి ఎవరి పేరునుందో ఆ మడిసే వొచ్చి, ఈడ నలుగుర్లో నిలబడి, చెయ్యెత్తి ఈ కట్టుబాటుకి ఒప్పుకోవాల. పాలేరుని పంపితే కుదరదు. ఫోన్లు కుదరవు."

అందరూ ఒప్పుకున్నారు. గుంటూరు మేడాన్ని తలుచుకుని అందరూ నవ్వుకున్నారు కూడా.

మర్నాడు గుంటూరు నుంచి కారు వచ్చింది. సుధీర్ బాబు భార్య దిగి, రేగడి మట్టిలో చెప్పులు దిగబడుతుంటే గట్టు దాకా నడిచి వచ్చింది.

"నేనెక్కడ నిలబడాలండీ?" అని అడిగింది.

"అదుగో, ఆ హజ్రా బీ పక్కన, వరసలో" అంది ఆదిలక్ష్మమ్మ.

సుధీర్ బాబు తనూ వరసలోకి రాబోయాడు. "మీకిక్కడ పనిలేదు బాబూ" అంది హజ్రా బీ. ఆయన ఎండలో కారు పక్కనే నిలబడిపోయాడు. ఊళ్ళో మగవాళ్ళంతా చూస్తున్నారు. భార్య చెయ్యెత్తింది. ఎత్తాక అటూ ఇటూ చూసి, పక్కనున్న ఆడవాళ్ళ చేతులు చూసి, ఇంకాస్త పైకి ఎత్తింది.

"అయిందిగా, ఇంక తిప్పు" అన్నాడు సుధీర్ బాబు పళ్ళ మధ్య నుంచి.

ఆదిలక్ష్మమ్మ హ్యాండిల్ పట్టుకుని ఆయన ముందుకు వచ్చింది.

"తిప్పుతా. కానీ ఒకటి చెవిలో వేసుకో. ఈ నీళ్ళు నేనిచ్చేవి కావు. నా చేతిలోనే ఉంటే నీ చేను బూడిదయ్యేదాకా చూసేదాన్ని, ఆ బూడిద మీద నడిచేదాన్ని. నీకు నీళ్ళిప్పిచ్చింది నువ్వు ఏనాడూ ఒక ముద్ద పెట్టని ఆడోళ్ళు. ఇక ముందు నువ్వెవురి కాళ్ళు పట్టుకోబళ్ళా. నీ కాళ్ళూ ఎవురూ పట్టుకోరు."

ఆయన మొహంలో అప్పటిదాకా ఉన్న కోపం, చివరి మాటతో వేరే ఏదో అయిపోయింది. పోయేది పంట కాదని, అంతకంటే పెద్దదేదో పోయిందని అప్పుడు తెలిసినట్టుంది. ఆమె అది చూసింది. కడుపు నిండలేదు గానీ, మంట మీద ఒక చెంబెడు నీళ్ళు పడ్డట్టయింది. షట్టరు లేపింది.

ఆదివారం వెంకట్రామయ్య బట్టీ నుంచి వచ్చాడు. అన్నీ విన్నాడు. సుధీర్ బాబు చేను ఎంత ఎండింది, ఎన్ని పిందెలు రాలాయి అని అడుగుతాడనుకుంది. మొగుడైనా తన వైపు మాట్లాడతాడనుకుంది. ఆయన చేతుల మీది సున్నం కడుక్కుంటూ ఒకటే అడిగాడు.

"మన వంతు ఎప్పుడు?"

"మంగళారం."

"ఖాయమేనా?"

"ఖాయమే" అంది ఆదిలక్ష్మమ్మ విసురుగా. "నేను వొద్దన్నా ఆగదు."

వెంకట్రామయ్య చూరు కింద నాగలి కోసం చెయ్యి చాపాడు.

అదండీ సంగతి. మీ ఊళ్ళో కూడా ఏకగ్రీవం భోజనాలు పెట్టేవాళ్ళుంటే, వాళ్ళ ఇంట్లో తినివచ్చిన మగవాళ్ళకు ఈ కథ పంపకండి, దండగ. బంతికి పిలవని వాళ్ళుంటారు చూశారా, వాళ్ళ ఫోన్లకు పంపండి. ఫోను నొక్కడం రానివాళ్ళుంటే పక్కన కూర్చుని వినిపించండి. ఉంటాను మరి.